జాడలమ్మ రేవు

పెన్న ఒడ్డున ఉన్న జాడలమ్మ రేవుకు వచ్చే భక్తులు ముందుగా అడిగేది, అమ్మవారి విగ్రహం ఎక్కడ అని. విగ్రహం లేదు నాయనా! ఏటిలోకి దిగే నల్లబండ మీద, బండి చక్రాలు అరగదీసిన రెండు గాడులు పసుపుతో నిండి ఉన్నాయి చూడండి. ఆ జాడలే తల్లి. మొన్నటి ఎండాకాలం పురావస్తు శాఖ వారు ఇసుక తీయించగా, ఆ గాడుల వెంబడే రాళ్ళు పరిచిన బాట బయటపడింది! ఏడువందల ఏళ్ళ నాటి రహదారి, ఏటి అడుగున అవతలి గట్టు దాకా తిన్నగా సాగిందని వారు తేల్చారు. పెద్దలు చెబుతూ వచ్చింది కట్టుకథ కాదని తెలిసిన ఆ రోజు, మా ఊళ్ళో పొయ్యి వెలిగించిన ఇల్లు లేదు. అందరూ ఏటి ఒడ్డునే.

పూర్వం ఇక్కడ తిప్పక్క అనే మంత్రసాని ఉండేది. ఆమె చేతి మీదుగా భూమిమీద పడని బిడ్డ చుట్టుపక్కల లేదు. అంతటి మనిషికి సొంత కూతురి పురుడే పరీక్ష అయింది. కూతురు కొండమ్మ కాపురం అవతలి గట్టున. పుట్టింటికి తెద్దామంటే పది రోజులుగా ఏరు తగ్గలేదు. ఇంతలో నొప్పులు మొదలై, బిడ్డ అడ్డం తిరిగిందని అల్లుడు అవతలి గట్టు నుంచి గొంతు చించుకుని అరిచాడు. ఏరు దాటించే పుట్టి నడిపేవాడు చేతులెత్తేశాడు. రాళ్ళబాట అప్పటికే ఇసుక కింద పూడిపోయి, జనం దాని సంగతే మరిచిపోయారు.

తిప్పక్క ఆగే మనిషా? కర్ర పట్టుకుని, జనం మామూలుగా దాటే చోట దిగింది. సుడి లేని చోటు చూసి చూసి అడుగు వేసింది. నాలుగో అడుగుకు ఇసుక జారి, నిలువునా మునిగి, కర్ర పోగొట్టుకుని ఒడ్డున పడింది. ఊరందరి బిడ్డలనూ బతికించి నా బిడ్డను పోగొట్టుకుంటున్నానే అని, ఆ నల్లబండ మీద కూలబడి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది.

అప్పుడు దుమ్ము పట్టిన పాదాలతో ఒక ముత్తైదువ కలలో నిలిచింది.

"తిప్పక్కా, కడుపులో బిడ్డ ఎటు తిరిగిందో కంటితో చూసి చెబుతావా?"

"లేదమ్మా, నా చెయ్యి చెబుతుంది."

"మరి ఏటిని కంటితో వెతుకుతావేం? అరికాలిని అడుగు."

తిప్పక్క దిగ్గున లేచింది. పది రోజుల వరద పైనున్న ఇసుకను కోసేసింది కాబోలు, కాలు మోపిన చోటే తగిలింది గాడి! కళ్ళు మూసుకుని, దాని అంచును బొటనవేలితో తడుముకుంటూ నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళు మునిగాయి, నడుము మునిగింది, నీరు రొమ్ముల దాకా వచ్చింది. ఏరు ఒళ్ళంతా లాగుతున్నా గాడిలో ఒదిగిన పాదం జారలేదు. నడి ఏటిలో గాడి కాస్తా తెగిపోయింది. ఆమె ఆగిపోయేసరికి ఒడ్డున ఉన్నవాళ్ళకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె మాత్రం కళ్ళు తెరవలేదు. బండికి రెండు చక్రాలు కదా, రెండో గాడి ఉండితీరాలి అనుకుని ఎడమకాలు చాచింది. ఉంది! ఇక ఆగలేదు.

అవతలి గట్టెక్కి, తడిచీరతోనే కూతురి ఇంట్లోకి వెళ్ళి బిడ్డను సరిచేసింది. పొద్దు వాలకముందే కొండమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆనాటి నుంచి జనం ఆ గాడులను జాడలమ్మ అని కొలుస్తున్నారు.

ఇప్పటికీ మాఘమాసంలో, నీరు చీలమండ లోతున పారే రోజుల్లో, సుఖప్రసవం కోరి భక్తులు కళ్ళు మూసుకుని ఆ గాడిలో నడుస్తారు. నిండు చూలాలిని ఇంతదూరం తీసుకురాకండి. ఈ రేవున ఆమె కోసం నడవవలసింది ఆమె కన్నతల్లి. తల్లి లేని పిల్ల అయితే దిగులుపడకండి. తిప్పక్క వంశపు ఆడవాళ్ళు రేవు దగ్గరే కూర్చుని ఉంటారు. పిల్ల పేరు చెబితే చాలు, వారిలో ఒకరు లేచి ఆమెకు తల్లిగా ఏటిలో దిగుతారు.