మీటరు నోరు నొక్కిన మనిషి

చింతపల్లిలో సన్యాసిరావు అనే పికప్ బండి డ్రైవరు ఉండేవాడు. చెడ్డ మాట చెవిన పడితే చాలు, చెప్పినవాళ్ళ మీద ఇంతెత్తున లేచేవాడు.

అతని బండి బయలుదేరేటప్పుడు ఎవరూ తుమ్మకూడదు. ఎక్కడికని అడగకూడదు. టైరు అరిగిందనకూడదు, వాన వచ్చేలా ఉందనకూడదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాక ఏ కీడూ రాదని అతని నమ్మకం. వస్తే గిస్తే అది ఎవరో నోరు జారడం వల్లే వస్తుందని అంతకన్నా గట్టి నమ్మకం.

భార్య నూకరత్నం అతనితో పాటే బండిలో వెళ్ళి, మన్యం సంతల్లో కొన్న గుమ్మడికాయలను నర్సీపట్నం మార్కెట్లో అమ్మేది. బేరంలో ఎవరికీ లొంగే మనిషి కాదు. మొగుడి దగ్గర మాత్రం ఆచితూచి మాట్లాడేది. ఒకసారి "మావా, వెనక టైరు నున్నగా అయిపోయింది" అంది. ఆ రోజే టైరు పంక్చరైంది. నేరం టైరుది కాలేదు, ఆమె నోటిది అయింది. లోడెత్తే గంగులుకు ఇంకా బాగా జరిగింది. తాడు నలిగిందన్నందుకు అతన్ని సగం దారిలో దింపేసి వెళ్ళిపోయాడు సన్యాసిరావు. అప్పట్నుంచి ఇద్దరూ నోరు కట్టుకునే బండి ఎక్కేవారు.

ఆ చలికాలం బండి మీటరు పాడైంది. స్పీడు చూపే ముల్లు ఊరికే వణికేది. ట్యాంకు నిండా పోయించినా డీజిలు ముల్లు లేచేది కాదు. వాటికి తోడు మీటరు మూల ఎర్రదీపం ఒకటి వెలగడం మొదలెట్టింది.

"దీనికి పిచ్చెక్కింది. మార్పించేస్తాను" అన్నాడు సన్యాసిరావు. కొత్త మీటరు తెప్పించి, బండ్ల కరెంటు పనులు చేసే జగ్గారావు కొట్టుకు వెళ్ళాడు. నూకరత్నం కూడా వెళ్ళి కొట్టు ముందు బల్ల మీద కూర్చుంది.

జగ్గారావు బ్యాటరీ వైరు తప్పించాడు. స్టీరింగు వెనక పలక ఊడదీసి, మరలు విప్పి, పాత మీటరును కంచంలా బయటికి లాగాడు. దాని వెనకున్న ప్లగ్గు పీకి కొత్తదానికి పెట్టాడు. అంతా బిగించి తాళం తిప్పాడు. మీటరులో దీపాలన్నీ ఒక్కసారి వెలిగి, ఒక్కొక్కటే ఆరిపోయాయి. డీజిలు ముల్లు ఠక్కున లేచింది.

మూలనున్న ఎర్రదీపం మాత్రం ఆరలేదు.

"హ్యాండు బ్రేకు దించావా అన్నా?" అని అడిగాడు జగ్గారావు.

"దించాను."

"హ్యాండు బ్రేకు లాగినా, బ్రేకు ఆయిలు తగ్గినా వెలిగేది ఇదొక్కటే. మరైతే ఆయిలు ఎక్కడో కారుతున్నట్టుంది. చక్రాలు విప్పి చూద్దాం."

"ఏటి చూసేది?" సన్యాసిరావు గొంతు లేచింది. "మొన్నే కదా బ్రేకులు కొత్తవి వేయించాను! తెల్లారితే లోడేసుకుని ఘాటు రోడ్డు దిగాలి. నా ముందు బ్రేకు పోయిందంటావా? నోరా అది, తాటిమట్టా?"

"పోయిందనలేదన్నా, కారుతోందేమో అన్నాను."

"మళ్ళీ అదే మాట! ఆ దీపం ఆరిపోవాలి. ఎలా ఆర్పుతావో నాకనవసరం. ఆర్పలేకపోతే చెప్పు, ఇంక నీ కొట్టు గుమ్మం తొక్కను."

రెండు మీటర్లూ కూడబలుక్కుని ఒకే అబద్ధం ఆడతాయా అని నూకరత్నానికి నోటిదాకా వచ్చింది. మింగేసింది.

జగ్గారావు బానెట్ ఎత్తి, బ్రేకు ఆయిలు డబ్బా మూతకున్న చిన్న ప్లగ్గును, ఆయిలు తగ్గితే దీపానికి కబురందించేదాన్ని, పీకి వైరుతోనే పక్కకి వదిలేశాడు. "ఇప్పుడు చూడన్నా" అన్నాడు.

దీపం ఆరిపోయింది.

"అదీ! ముందే సరిగా బిగిస్తే ఇంత గొడవుండేదా?" అని సన్యాసిరావు నవ్వాడు. బానెట్ మూస్తూ జగ్గారావు నూకరత్నం వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. ఇద్దరూ తలలు దించుకున్నారు.

మర్నాడు పొద్దున్న వాకిట్లో బండి వెనక చక్రం దగ్గర నేల తడిగా ఉంది. నూకరత్నం వేలితో తాకింది. నీళ్ళు కాదు, జారుతోంది. ఆమె తలెత్తేసరికి గంగులు అక్కడే నిలబడి ఉన్నాడు. అతను కూడా చూశాడు. తువ్వాలు దులుపుకుని, గుమ్మడికాయలు ఎత్తడానికి వెళ్ళిపోయాడు. అంతలో సన్యాసిరావు వచ్చి సరిగ్గా ఆ తడిలోనే నిమ్మకాయ పెట్టాడు. వేళ్ళు ప్యాంటుకు తుడుచుకుని, "మంచు బాగా కురిసింది" అన్నాడు.

ఆ క్షణం చెప్పేస్తే సరిపోయేది. కానీ నిమ్మకాయలు పెట్టాక మాట్లాడితే రోజంతా తిట్లే. ఆమె బండెక్కింది. గంగులు వెనక కాయల మీద కూర్చున్నాడు.

లంబసింగి చేరేసరికి పొగమంచు అద్దానికి దుప్పటిలా పట్టేసింది. ఎదురొచ్చే బండి లైట్లు దగ్గరికొచ్చేదాకా కనబడటం లేదు. నూకరత్నం రోడ్డు చూడటం మానేసి మీటరు మూలకే చూస్తూ కూర్చుంది. దీపం వెలిగితే బాగుండునని ఆమెకు ఆశ. అది వెలిగితే తను చెప్పక్కర్లేదు. కానీ అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. ఎందుకు లేదో ఆమెకు తెలుసు.

"టీ తాగుదామా మావా?" అంది. బండి ఆగితే చాలుననుకుంది.

"దిగాక తాగుదాం."

ఘాటు మొదలైంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క మంచు తప్ప ఏమీ కనబడని లోయ. మొదటి మలుపులో సన్యాసిరావు బ్రేకు ఒకసారి తొక్కాడు. తర్వాతి మలుపులో రెండుసార్లు తొక్కాడు. ఆ తర్వాత టకటకా తొక్కుతూనే ఉన్నాడు. దవడ బిగుసుకుంది. మనిషికి తెలిసిపోయింది, అయినా పైకి అనడం లేదు. అది చూసి నూకరత్నానికి తిట్లంటే ఉన్న భయం చిన్నదైపోయింది.

"మావా, బండి ఆపు! పొద్దున్న చక్రం కింద ఆయిలు చూశాను."

"ఘాట్లో ఉండగా ఆ మాటేటే! నీ నోరు..."

మాట పూర్తి కాలేదు. అతని కాలు పెడలుతో పాటు కిందకంటా దిగిపోయింది. బండి ఆగలేదు.

పొగమంచులోంచి లారీ హారన్ వినిపించింది. సన్యాసిరావు గేరు కిందకి లాగాడు. ఇంజను గోలపెట్టింది. ఇంకో గేరు. బండి కాస్త నెమ్మదించింది గానీ వెనక లోడు ముందుకు తోస్తోంది. లారీ లైట్లు రెండు పసుపు మచ్చల్లా మీదికొస్తున్నాయి. "కొండకేసి కొట్టు మావా, కొండకేసి!" అని అరిచింది నూకరత్నం. అతను స్టీరింగు కొండవైపు ఒక్క కోత కోసి హ్యాండు బ్రేకు బలంగా లాగాడు. అప్పుడు వెలిగింది మీటరు మూల ఎర్రదీపం.

ముందు చక్రం కొండ పక్క కాలువలో పడింది. బండి గట్టును రాసుకుంటూ కొంత దూరం పోయి ఆగింది. లారీ వీళ్ళ బండి అద్దం పక్కనుంచి దూసుకుపోయింది. గుమ్మడికాయలు కొన్ని రోడ్డు మీద పడి పగిలాయి, కొన్ని లోయలోకి దొర్లాయి. అవి కింద పడిన చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించలేదు. ముగ్గురూ ఆ చప్పుడు కోసమే ఎదురుచూస్తున్నట్టు కదలకుండా ఉండిపోయారు.

సన్యాసిరావు ముందు దిగాడు. "చూశావా? నువ్వన్నావు, అయింది!" అన్నాడు.

నూకరత్నం ఈసారి తల దించుకోలేదు. "నేనన్నది ఇప్పుడు. ఆయిలు కారుతున్నది ఎప్పట్నుంచో. నా నోటికి అంత మహిమే ఉంటే, నీకు బుద్ధి రావాలని ఎప్పుడో అందును."

గంగులు మోచేయి పట్టుకుని మెల్లగా దిగాడు. "నేను కూడా పొద్దున్నే చూశానన్నా" అన్నాడు.

"చూసి చెప్పలేదేటిరా?"

"తాడు నలిగిందంటేనే దింపేశావు. బ్రేకు గురించి చెప్తే ఏం చేద్దువో మరి!" అంటూ రోడ్డు మీద కాయలకేసి చూపించాడు. "పోనీలే అన్నా, ఇన్ని గుమ్మడికాయలు పగిలాక మన బండికి దిష్టన్నది ఇంకెక్కడుంటాది?"

సన్యాసిరావు రోడ్డు పక్కన కూలబడ్డాడు. భార్యకు తెలుసు, గంగులుకు తెలుసు, జగ్గారావుకు తెలుసు, ఆఖరికి మీటరుకు కూడా తెలుసు. తెలియనిది తనొక్కడికే. తెలియకుండా చేసుకున్నదీ తనే.

ఫోను చేస్తే జగ్గారావు మెకానిక్కును వెంటబెట్టుకుని వచ్చాడు. ఊడదీసిన ప్లగ్గును మళ్ళీ పెట్టగానే ఎర్రదీపం వెలిగింది. "ఆర్పేయమంటావా అన్నా?" అని బెరుకుగా అడిగాడు.

"వద్దు. చక్రం దగ్గర కారేది బాగుచేసి ఆయిలు పోస్తే అదే ఆరుతుంది. అందాకా ఉండనీ" అన్నాడు సన్యాసిరావు.

ఆ తర్వాత కూడా అతను నిమ్మకాయలు పెట్టడం మానలేదు. కానీ పెట్టే ముందు బండి చుట్టూ తిరిగి, "చెప్పండి, ఏమైనా చూశారా?" అని అడిగేవాడు. మొదట్లో ఎవరూ పలకలేదు. కట్టుకున్న నోళ్ళు అంత తొందరగా విప్పుకోలేదు. చివరికి ఒకరోజు గంగులు దూరంగా నిలబడి, "తాడు నలిగిందన్నా" అన్నాడు. సన్యాసిరావు నోరు తెరిచాడు. మళ్ళీ నోరు మూసుకుని, కొత్త తాడు కొనడానికి వెళ్ళాడు.

చెడ్డ కబురు చెప్పినవాళ్ళను కసిరితే ప్రమాదం ఆగదు, చెప్పేవాళ్ళు ఆగిపోతారు.