నీలవ్వ కుంపట్లు

కొండకోట దొర భూపాలరాయుడికి చలంటే భయం. కట్టెలైతే పొగ వస్తుందని తన గదిలోని ఇనుప కుంపట్లలో జొన్నలు పోయించి మండించేవాడు. ఆ జొన్నలు పండించిన పేటవాళ్లు మాత్రం పస్తులుండేవాళ్లు. దున్నిన చేతికి గంజి లేదు, దొర పాదాలకు జొన్న సెగ!

కుంపట్లు రాజేసే నీలవ్వ ఒకనాడు ఉండబట్టలేక అంది: "దొరా, ఇవే జొన్నలతో ఇంతకంటే వెచ్చటి కుంపట్లు నేను రాజేస్తాను. గెలిస్తే రోజూ ఈ జొన్నలు నాకే ఇవ్వాలి."

"సరే. వేడి తగ్గిందో, నీ వీపు చిట్లిపోద్ది."

నీలవ్వ ఆ పూట జొన్నలతో అంబలి కాచి, పేటలో అరవైమందికి కడుపునిండా పోసింది. అందరినీ దొర గదిలో కూర్చోబెట్టి తలుపులు మూసింది. కాసేపటికే దొరకు చెమటలు పట్టాయి. శాలువా తీశాడు, తలపాగా తీశాడు.

"ఏవే నీ కుంపట్లు?"

"వీళ్లే దొరా. మీ కుంపటి తెల్లారితే బూడిద. నావి తెల్లారితే లేచి పొలం దున్నుతాయి."

దొర మాట తప్పడానికి నోరు తెరిచాడు. కడుపు నిండిన అరవైమంది అతని వైపే చూస్తున్నారు.

"సరే, రోజూ ఆ జొన్నలు వీళ్లకే కాచి పొయ్యి," అన్నాడు దొర. "ముందు ఆ కిటికీ తెరవవే!"