నాంచారి కొస

పొద్దు కంటే ముందు కుంచె చప్పుడు లేచే కాలంలో, ఏ రాజు ఏలేవాడో ఎవరికీ గుర్తులేని కాలంలో, ఏటి ఒడ్డున ఒక నేతవాళ్ళ వీధి ఉండేది. తెల్లవారుజామునే పడుగు నూలును వీధి పొడవునా చాచి కట్టి, గంజి పట్టించి, బారెడు కుంచెతో దువ్వేవాళ్ళు. కుంచెకు రెండు కొసలు. పడుగుకు అటొకరూ ఇటొకరూ చెరో కొసా పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. మధ్యలో ఆగకూడదు. ఆగితే గంజి ముద్ద కడుతుంది, పోగులు తెగుతాయి.

ఒక కొస కోటమ్మది. రెండో కొస నాంచారమ్మది. వాళ్ళ నవ్వులూ ఊరి కబుర్లూ ఆ పడుగు మీదుగానే అటూ ఇటూ పోయేవి.

అలాంటి నాంచారమ్మకు ఒంట్లో నెత్తురు నీళ్ళయిపోయే జబ్బు వచ్చింది. గోళ్ళు తెల్లబడ్డాయి, పెదాలు తెల్లబడ్డాయి, మనిషి మంచం పట్టింది. వైద్యుడు ఇనుప భస్మం తేనెలో రంగరించి ఇచ్చి, దాపరికం లేకుండా చెప్పాడు.

"ఇది పోయే జబ్బు కాదమ్మా, నీతోనే ఉంటుంది. అమావాస్య అమావాస్యకీ మూడు రోజులు మందు తిని పడుకోవాలి. మిగతా రోజులు నీవి."

ఏడాది పాటు ఆ మిగతా రోజులు కూడా మంచానికే పోయాయి. తెల్లారితే చాలు, గోడ అవతల సర్రు సర్రుమని కుంచె నడిచేది. దుప్పటి కింద నాంచారమ్మ పాదాలు ఆ చప్పుడుతో పాటు కదిలేవి. కోటమ్మ చూడవస్తే ఒక్కటే అడిగేది.

"వదినా, నా కొస ఎవరు పట్టుకున్నారు?"

ఫలానా వాళ్ళ కోడలని కోటమ్మ చెప్పేది. ఆ పేరు వింటే నాంచారమ్మ దుప్పటి అంచునే కుంచె కొసలా పట్టుకునేది. అందరూ నగల మీద బెంగ పెట్టుకుంటే, ఈ పిచ్చితల్లి ఒక కర్రముక్క మీద పెట్టుకుంది.

ఏడాది తిరిగాక గోడ పట్టుకుని లేచి, వీధిపెద్ద సాంబయ్య దగ్గరికి వెళ్ళింది. సాంబయ్య చెడ్డవాడు కాదు. పడుగు మీద ఉన్నంత ప్రేమ మనుషుల మీద ఉండేది కాదు, అంతే. ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుట్టుకోమన్నాడు.

"చుడతాను మావా. కానీ నాకు నలుగురితో నడిచే పని కావాలి," అంది నాంచారమ్మ.

సరే, చూద్దామన్నాడు. మొదటి రోజు మూడిళ్ళు దాటేసరికి ఆమె కాళ్ళు తేలిపోయాయి. కుంచె ఆగింది, గంజి ముద్ద కట్టింది. కండెలు చుట్టుకోమన్నాడు సాంబయ్య. రెండో రోజు ఆరిళ్ళు దాటింది. కుంచె ఆగింది, గంజి ముద్ద కట్టింది. కండెలు చుట్టుకోమన్నాడు సాంబయ్య. మూడో రోజు నడివీధి రోలు దాకా వెళ్ళి, కళ్ళు బైర్లు కమ్మి, ఆ రోలు మీదే కూలబడింది. కుంచెను మాత్రం కింద పడనివ్వలేదు. అయినా బోలెడు పోగులు తెగాయి.

"ఇక రాను వదినా," అని తన కొస చాచింది. దాన్ని అందుకోవడానికి సాంబయ్య చెయ్యి చాపాడు. కోటమ్మ అవతలి కొస వదల్లేదు.

"మావా, గంజి పల్చగా కాచమను. పల్చటి గంజయితే ముద్ద కట్టకుండా కాసేపు ఆగుతుంది. దీని నెత్తురు ఎటూ చిక్కబడదు. మన గంజి పల్చబడితే ఏం పోయింది?"

ఏం పోతుందో సాంబయ్యకు తెలుసు. గుడ్డకు బిరుసు పోతుంది. రెండుసార్లు దువ్వే పడుగును మూడుసార్లు దువ్వాలి. మూడోసారి మేం దువ్వుకుంటాంలే అన్నారు వీధిలోని ఆడవాళ్ళు. సాంబయ్య గొణుక్కుంటూనే గంజిలో నీళ్ళు పోయించాడు.

ఆనాటి నుంచి కుంచె రోజూ రోలు దగ్గర ఆగేది. నాంచారమ్మ కూర్చునేది. కాసేపటికి కోటమ్మ అడిగేది, "లేచావా నాంచారీ?" "లేచా వదినా, పద," అనేది నాంచారమ్మ. అమావాస్యకు మాత్రం మూడు రోజులు మందు తిని పడుకునేది. ఆ మూడు రోజులూ అదే బెంగ, అదే ప్రశ్న. నాలుగో రోజు అందరికంటే ముందు వీధిలో నిలబడేది.

అలా చాలా ఏళ్ళు నడిచింది. తర్వాత ఒక అమావాస్యకు మందు పనిచేయలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున మంచం మీద నుంచే కుంచె చప్పుడు వింది. దుప్పటి కింద పాదాలు కదిలాయి. మూడిళ్ళు, ఆరిళ్ళు, నడివీధి. అక్కడ చప్పుడు ఆగింది. వీధిలో నాంచారమ్మ లేదు కదా, ఆగాల్సిన పనిలేదు. అయినా ఆగింది. తన కొస ఎవరు పట్టుకున్నారని ఆ రోజు ఆమె అడగలేదు. కుంచె మళ్ళీ కదిలేసరికి పాదాలు కదలడం మానేశాయి.

ఆ వీధి గుడ్డకు ఇప్పటికీ బిరుసు తక్కువేనని కొనేవాళ్ళు సణుగుతుంటారు. సణగనీ. ఇప్పటికీ అక్కడ కుంచె రోలు దగ్గర ఆగుతుంది. ఒకరు "లేచావా నాంచారీ?" అంటారు. కాసేపు కుంచె అలాగే పట్టుకుని నిలబడతారు. తర్వాత అందరూ కలిసి "లేచా వదినా, పద," అని నడుస్తారు. ఆ వీధిలో ఎవరైనా జబ్బుపడితే, త్వరగా తగ్గిపోతుందిలే అని ఎవరూ అనరు. మంచం పక్కన కూర్చుని ఒక్క మాటే చెబుతారు.

"నీ కొస అలాగే ఉంది."