ఉత్తుత్తి ఫ్లాషు

యల్లమందకు బహుమతి వచ్చిన సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు.

చీరాల ఫోటోగ్రాఫర్లు ఏటా ఆగస్టులో ఫోటోగ్రఫీ దినోత్సవం చేసుకుంటారు. ఫోటోను కనిపెట్టిన ఫ్రెంచి దొర పటానికి దండ వేస్తారు. ఆయనది ఏ మతమో ఎవరూ అడగరు గానీ కొబ్బరికాయ మాత్రం కొడతారు. ఆ తర్వాత రక్తదానం, దాని తర్వాత కల్యాణ మండపంలో ఎగ్జిబిషన్. ఈసారి అందులో మొదటి బహుమతి యల్లమంద తీసిన ‘శ్రమ’కు వచ్చింది. పోటీలకు పంపే ఫోటోల్లో సగానికి ఆ పేరే ఉంటుంది, మిగతా సగానికి ‘జీవన పోరాటం’ అని ఉంటుంది. అది వేరే సంగతి.

ఆ ఫోటోలో ఉన్నవి జీడిపప్పు బట్టీలో గింజలు కొట్టే ఒక ముసలమ్మ చేతులు. జీడి కారి కారి నల్లబడిపోయాయి, గోళ్ళ చుట్టూ చర్మం పగిలింది. ఆ నల్లటి దోసిట్లో తెల్లటి పప్పు ఒకటి. అంతే, ఇంకేమీ లేదు. హాల్లోకి వచ్చినవాళ్ళంతా దాని ముందు ఆగారు. మంచి ఫోటోయే, కాదనడానికి లేదు.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. గుళ్ళోకి వచ్చినట్టు చెప్పులు బయటే విడిచి, గోడ వెంబడి ఒక్కో ఫోటో చూసుకుంటూ వచ్చి, దీని ముందు నిలబడిపోయింది.

“ఇయ్యి మా అమ్మ చేతులే,” అంది.

ఆవిడ పేరు మాణిక్యం. ఫోటోలో ఉన్న పేరమ్మ కూతురు. పేరమ్మ జ్వరమని పడుకుని మళ్ళీ లేవలేదట. పోయి ఇంకా వారం కాలేదు. ఆ మాట విని యల్లమంద మెడలో ఉన్న పతకాన్ని చొక్కా లోపలికి వేసుకున్నాడు.

“మా అమ్మ మొహం తీసిన ఫోటో యాడుందయ్యా?” అని అడిగింది మాణిక్యం. “పెద్ద కెమెరాతో తన ఫోటో తీశారని వీధి వీధంతా చెప్పుకునింది. ఫోనులో తీస్తానంటే చెయ్యి అడ్డం పెట్టుకునేది, ఫోటో అంటే పెద్ద కెమెరాతోనే తియ్యాలని. ఆధారు కార్డులో ఒకటుంది గానీ, అది మా అమ్మ లాగా లేదు. దొంగతనంలో పట్టుకొచ్చి నిలబెట్టినట్టుంది. పెద్దకర్మకి పటం కట్టించాల. నువ్వు తీసింది ఇస్తే చాలు.”

“కంప్యూటర్లో ఉందమ్మా. తీసి ఇస్తాను,” అన్నాడు యల్లమంద. ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

“చల్లగా ఉండు నాయనా,” అంది ఆవిడ.

కంప్యూటర్లో లేదు. ఎక్కడా లేదు.

వేసవిలో యల్లమంద ఆ బట్టీకి వెళ్ళాడు. రేకుల కప్పులో ఒక చిల్లు ఉంది. పొద్దెక్కాక దాంట్లోంచి ఎండ సరిగ్గా పేరమ్మ చేతుల మీద పడుతుంది. మొదటి రోజు ఆ వెలుగు చూసుకుని, రేపు మళ్ళీ వస్తానని చెప్పి వచ్చాడు. మర్నాడు నేల మీద బోర్లా పడుకుని, బూడిదలో మోచేతులు ఆన్చి, తనకు కావలసిన ఫోటో తీసుకున్నాడు. లేచి సామాను సర్దుకుంటుంటే పేరమ్మ, “చేతులేం బాగుంటయ్ నాయనా, మొహం తియ్యి,” అని తొట్టి దగ్గరికి పరుగెత్తింది. మొహం కడుక్కుంది. జుట్టు దువ్వుకుంది. ఒక బుట్ట తిరగేసి దాని మీద కూర్చుంది.

యల్లమందకు అలా కుదురుగా కూర్చుని తీయించుకునే ఫోటోలంటే చులకన. పెళ్ళిళ్ళు అన్నం పెడతాయి కాబట్టి వాటిల్లో తీస్తాడు గానీ, కళ కోసం వచ్చిన చోట కూడా ఇదేమిటని విసుక్కున్నాడు. కాదంటే బాధపడుతుంది. కెమెరా కంటికి పెట్టుకున్నాడు. ఫ్లాషు వెనకాల చిన్న బటన్ ఒకటి ఉంటుంది, అది పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి. దాన్ని నొక్కితే మెరుపు వస్తుంది గానీ ఫోటో పడదు. అది నొక్కాడు.

“పడిందా నాయనా?”

“పడిందమ్మా. బ్రహ్మాండంగా వచ్చింది.”

ఫోటోగ్రాఫర్లు దీన్ని ఉత్తుత్తి ఫ్లాషు అంటారు. రీలు వాడే రోజుల్లో పుట్టిన విద్య. పెళ్ళిలో ప్రతి చుట్టమూ నన్ను తియ్యి, మా పిల్లని తియ్యి అని మీద పడుతుంటే, రీలు అయిపోకుండా ఒక మెరుపు మెరిపించి పంపేసేవాళ్ళు. యల్లమందకు ఈ విద్య గురువు ఖాదర్ మస్తాన్ గారి దగ్గర అబ్బింది. సంఘం మీటింగుల్లో టీ తాగుతూ ఆయన ఈ కథలు చెపుతుంటే అందరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. రీలు పోయింది, విద్య మిగిలింది.

ఇప్పుడు చెయ్యగలిగిందల్లా చేశాడు యల్లమంద. మాణిక్యానికి ఫోను చేసి, పటం పనికని చెప్పి, పేరమ్మ ఆధారు కార్డు ఫోటో, మాణిక్యం ఫోటో ఒకటి తెప్పించుకున్నాడు. తల్లీకూతుళ్ళ పోలిక ఉండనే ఉంది. తల్లి మొహానికి కూతురి నవ్వు అతికించాడు. ముడతలు పెట్టాడు, కొన్ని తీశాడు. మొహం వచ్చింది. కళ్ళ దగ్గర మాత్రం ఎంతకీ కుదరలేదు. ఖాదర్ మస్తాన్ గారు ఒకప్పుడు నెగెటివు మీద పెన్సిలు పెట్టి మనిషి వయసు తగ్గించిన మనిషి. ఆయన చెయ్యి పడితే కుదురుతుందని ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని బయలుదేరాడు.

పాత బస్టాండు ఎదురు సందులో ఆయన స్టూడియో. పాస్‌పోర్టు ఫోటోలకు కూడా ఇప్పుడెవరూ రారు. అయినా పొద్దున్నే తాళం తీసి కూర్చుంటారు. లోపలి గదిలో గోడకు ఒక పాత పటం ఉంది. టేకు చట్రం, అద్దం, లోపల ఉత్త తెల్ల కాగితం. ప్రతి శుక్రవారం ఆయన ఆ అద్దం తుడిచి, దాని ముందు ఒక అగరొత్తి వెలిగిస్తారు. దేవుడికి రూపం లేదు కనుక సాయిబు గారు అలా పెట్టుకున్నారని అందరూ అనుకునేవాళ్ళు. యల్లమంద అయితే కొత్తగా వచ్చినవాళ్ళకు దాని తత్వం కూడా విడమరిచి చెప్పేవాడు. ఖాదర్ మస్తాన్ గారు అవుననలేదు, కాదనలేదు.

ఆయన ల్యాప్‌టాప్‌లో ఉన్న మొహాన్ని కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసేసి చూశారు.

“ఎవరీమె?”

“పేరమ్మ అని, జీడి బట్టీలో పనిచేసేది గురువు గారూ. మొన్న చనిపోయింది. కళ్ళు కుదరడం లేదు. మీరొకసారి చెయ్యి పెడితే...”

“నువ్వు చూశావా ఈమెని?”

“చూశాను.”

“ఈమెనేనా చూసింది?”

యల్లమంద జరిగిందంతా చెప్పాడు. బట్టీ, తొట్టి, బుట్ట, బటన్, మాణిక్యం, ఏదీ దాచలేదు. చివర్లో మాత్రం ఊరుకోలేక, “మీ దగ్గర నేర్చుకున్న విద్యే కదా గురువు గారూ,” అన్నాడు.

అని నాలుక కరుచుకున్నాడు.

ఆయనకు కోపం రాలేదు. ల్యాప్‌టాప్ మూత మెల్లగా మూశారు.

“నాకు రీలు అడ్డమొచ్చింది. నీకేం అడ్డమొచ్చిందిరా?”

యల్లమంద కెమెరా మెమరీ కార్డులో బోలెడు చోటుంది ఆ రోజు. వేలు ఇంకో బటన్ మీదికి జరిపితే సరిపోయేది.

ఖాదర్ మస్తాన్ గారు లేచి లోపలి గదిలోకి వెళ్ళారు. మేకు నుంచి ఆ పటం దించి తెచ్చి, యల్లమంద చేతుల్లో పెట్టారు. అది అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

“దేవుడి పటం కదండీ ఇది,” అన్నాడు యల్లమంద.

“దేవుడెవడ్రా. పిచ్చయ్య గారు.”

యల్లమందకు అర్థం కాలేదు. ఆయన ఎదురుగా కూర్చుని, ఆ తెల్ల కాగితం మీద వేలు పెట్టి చూపించారు.

“పందిళ్ళపల్లిలో పెళ్ళి. పెళ్ళికూతురి తాత ఈయన. నన్నొకటి తియ్యి సాయిబూ అన్నాడు. ఇదుగో, తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. చేతికర్ర ఫోటోలో పడకూడదని వెనక్కి పెట్టాడు. ఇట్లా మీసం మీద చెయ్యేసి, ‘ఊఁ, కానీ’ అన్నాడు. తలంబ్రాలకి తప్ప రీలు లేదు. ఉత్తుత్తిది కొట్టాను. ఆ ఏడే పోయాడు. ఆ పెళ్ళికూతురే ఫోటో కోసం వచ్చింది. రీలు చెడిపోయిందమ్మా అని చెప్పాను. నమ్మి వెళ్ళిపోయింది. ఈయన మాత్రం వెళ్ళలేదు.”

“మీటింగుల్లో ఎప్పుడూ చెప్పలేదే ఇది?”

“నవ్వొచ్చే చోటు దాకానే చెప్పాను,” అన్నారు ఆయన. “ఇక్కడిదాకా చెప్పి ఉంటే నువ్వు ఆ బటన్ నొక్కేవాడివి కాదు. అది నా తప్పే.”

ఆ మాటతో యల్లమందకు ఏడుపొచ్చినంత పనయింది. ఇన్నేళ్ళుగా ఆ కథలకు అందరికంటే గట్టిగా నవ్వింది తనే.

ఆయన పటం వెనక్కి తీసుకున్నారు. భుజం మీది తువ్వాలుతో అద్దం తుడిచి, లోపలికి వెళ్ళి ఎప్పటి మేకుకే తగిలించారు.

“ఇప్పుడు నేనేం చెయ్యాలి గురువు గారూ?”

“ఇది నాది,” అన్నారు ఖాదర్ మస్తాన్ గారు. “నీది నువ్వు కట్టించుకో.”

యల్లమంద ల్యాప్‌టాప్ అక్కడే వదిలేసి, అటు నుంచి అటే మాణిక్యం ఇంటికి వెళ్ళాడు. ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చి అతని చేతుల వైపు చూసింది. చేతుల్లో ఏమీ లేదు. చాప వేసి కూర్చోమంది. కూర్చోకుండానే చెప్పేశాడు.

“ఫోటో లేదమ్మా. నేను తియ్యలేదు. మెరుపొక్కటే మెరిపించాను.”

తిడితే బాగుండుననిపించింది. ఆవిడ తిట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది.

“అమ్మకి తెలవదు గదా?”

“తెలియదమ్మా.”

“పోనీలే,” అంది గానీ, పోనిచ్చినట్టు లేదు ఆ మొహం. కొంగు అంచు వేలికి చుడుతూ అడిగింది, “నువ్వు కెమెరాలోంచి చూశావు గదా. ఎట్టా కూచుంది?”

యల్లమంద కళ్ళు మూసుకున్నాడు. అంతదాకా కంప్యూటరు ముందు ఎంత కొట్టుకున్నా రాని మొహం వచ్చి ఎదురుగా కూర్చుంది.

“బుట్ట తిరగేసి కూర్చుందమ్మా. మొహం ఇంకా తడిగానే ఉంది. చెవి పక్కన ఒక చుక్క జారుతోంది. ముక్కుకి ఎర్రరాయి ముక్కుపుడక. నవ్వబోయి, ముందు పన్ను లేదని గుర్తొచ్చి పెదవులు మూసుకుంది. నేను నొక్కేలోపు మళ్ళీ నవ్వేసింది. చేతులు...” అని ఆగాడు.

“చేతులు?”

“చేతులు కొంగులో దాచుకుంది. నల్లగా ఉన్నాయని.”

పేరమ్మ చూపించొద్దని దాచుకున్నవాటిని తాను హాల్లో వేలాడదీసి ఊరంతటికీ చూపించాడు. చూపించమన్నదాన్ని పారేశాడు. ఆ సంగతి అప్పుడు తెలిసింది యల్లమందకు, పైకి చెప్తుండగా.

“ఆ ముక్కుపుడక నాది,” అంది మాణిక్యం. “పొద్దున్నే అడిగి పెట్టుకుపోయింది. ఎందుకే నీకియ్యాల అంటే, పనుందిలే అనింది.”

అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, మొహం తుడుచుకుని, “ఇంకోసారి చెప్పయ్యా,” అంది.

యల్లమంద మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి చాప మీద కూర్చుని చెప్పాడు.

రెండు రోజుల తర్వాత పటాలు కట్టే దుకాణానికి వెళ్ళాడు. పెద్దకర్మకి దండ వెయ్యడానికి పేరమ్మ ఆధారు ఫోటోనే పెద్దది చేయించి అక్కడ ఆరబెట్టారు. నిజంగానే అది ఆవిడ లాగా లేదు. దుకాణం అతను చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి, “బహుమతి ఫోటోకేనా అన్నా? ఇవ్వు, సైజు చూసుకుంటా,” అని చెయ్యి చాపాడు.

“అది కాదు,” అన్నాడు యల్లమంద.

రెండు చేతులూ ముందుకు చాపి, ఒక మనిషి మొహం పట్టేంత ఎడంగా పెట్టి చూపించాడు.