ఎండిన వాగులో పడక

మంచుకొండల నడుమ ఒక లోయలో జడల బర్రెల మంద ఉండేది. పెద్ద బర్రె ఎక్కడ పడుకుంటే మందంతా అక్కడే పడుకోవాలి, ఎందుకని అడగకూడదు. పెద్దరికమంటే అదేనట!

ఆ ఏడు పక్క లోయలోని గడ్డకట్టిన మంచు నది మెల్లగా జరిగి వచ్చి, వాగుకి అడ్డంగా గోడలా నిలిచింది. వెనక నీళ్లు చేరి చెరువైంది. దిగువ వాగు ఎండిపోయింది. మంచుని ఆనుకున్న గట్టున బాతులు గుడ్లు పెట్టాయి. నక్కకి నోరూరింది గానీ, బర్రెలు అక్కడే మేస్తూ దగ్గరికి వస్తే కొమ్ములు విసురుతున్నాయి.

నక్క పెద్ద బర్రె దగ్గరికి వెళ్లింది. "అక్కా, ఈ రాళ్లలో ఏం మేస్తావు? కింద వాగులో గడ్డి మోకాలెత్తు లేచింది."

"వాగెందుకు ఎండిందిరా?"

"ముసలిదైపోయిందిలే. నువ్వు పడుకుంటే దానికే గౌరవం!"

పెద్ద బర్రె ఉబ్బిపోయింది.

తల్లి బాతు పరుగెత్తుకొచ్చింది. "వెళ్లకు పెద్దమ్మా! ఆ వాగు నీళ్లే ఇక్కడ ఆగాయి. ఇంకాస్త నిండితే మంచు కింద సొరంగం తొలుచుకుని ఒక్కసారిగా దూకుతాయి. ఇలాంటి చెరువు నిలవదు."

"నిన్నగాక మొన్న వచ్చిన పిట్టవి, నాకు చెబుతావా?"

మంద దిగింది. కొత్తగా ఈనిన బర్రె తన దూడని ఒడ్డు మీదే ఉంచుదామనుకుంది. కానీ పెద్దది వాగులో పడుకుంది. తల్లీ పడుకుంది. దూడ దాని పొట్టకి ఆనుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, మంద వాగులో పడుకుని నెమరేస్తుండగా పైన చెరువు తగ్గడం మొదలైంది. బాతు గుడ్లు వదిలేసి ఎగిరొచ్చి అరిచింది. "లేవండి! నీళ్లొస్తున్నాయి!"

తల్లి బర్రె పెద్దదాని వైపు చూసింది.

"నేను లేచాకే లేవాలి," అంది పెద్దది.

అది లేచేసరికి బురదనీళ్లు, బండరాళ్లు కలిసి దూకాయి. బర్రెలు ఎలాగో ఒడ్డెక్కాయి. దూడ ఎక్కలేకపోయింది.

పైన నీళ్ల ఆసరా పోయిన మంచు విరిగి, గూళ్లున్న గట్టుని కూడా బురదలోకి లాక్కెళ్లింది. ఖాళీ చెరువు ముందు కూర్చుని నక్క ఏడ్చింది, దూడ కోసం కాదు, గుడ్ల కోసం. బాతుకి ఏడవడానికి ఓపిక కూడా లేదు.

సాయంత్రం పెద్ద బర్రె రాళ్ల మీద పడుకుంది. మందంతా పడుకుంది. పొదుగు నుంచి పాలు కారుతున్న ఆ తల్లి ఒక్కటే నిలబడింది.

"పడుకోవే."

"ఎందుకో చెప్పు."

నీతి: ఎందుకని అడగనివ్వని చోట, ఎంత మెత్తగా ఉన్నా పడక వేయకండి.