సోమ్లీ పెళ్లి లంగా

కేస్లీ వకుళ గది తలుపు దగ్గరే నిలబడిపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, మా యాడికి మీరే చెప్పాలి. మీరు చెప్తే వింటది."

యాడి అంటే అమ్మ. పేరు సోమ్లీ. కూతురికి డాక్టరేటు ఇస్తారని రేపు పొద్దున్నే తండా నుంచి బస్సెక్కుతోంది.

"ఏం చెప్పాలి?" అంది వకుళ. కేస్లీ పరిశోధనకు ఆమే గైడు.

కేస్లీ లోపలికి వచ్చి, సంచిలోంచి కండువా తీసి బల్ల మీద పరిచింది. ఎర్ర గుడ్డ, అద్దాలు, గవ్వలు, పసుపు దారపు కుట్టు. ఈసారి స్నాతకోత్సవానికి నల్ల గౌన్లు వద్దు, ఎవరి సంప్రదాయ దుస్తుల్లో వాళ్లు రండి అంది యూనివర్సిటీ.

"బాగుంది. ఎవరు కుట్టారు?"

"నేనే... అంటే, జోడించింది నేను. కుట్టు యాడిది. పోయిన నెల ఇంటికెళ్లినప్పుడు ఆమె పెళ్లి లంగా తెచ్చి, నడుము పట్టీ, అంచు కత్తిరించిన. ఊకే పెట్టెలో పడి ఉంది మేడమ్! ఇప్పుడేమో లంగా కనిపిస్తలేదని ఫోన్ చేసింది. రేపు అదే కట్టుకొస్తదంట."

తండాలో ఆడపిల్ల తల్లి పక్కన కూర్చుని, తన పెళ్లి లంగా తనే కుట్టుకుంటుంది. బడి మొహం చూడని సోమ్లీ చదివిన చదువు అదే. ఆ చదువుకు స్నాతకోత్సవాలు ఉండవు.

"ఇన్నాళ్లూ ఎందుకు కట్టుకోలేదు?"

కేస్లీ గోళ్లు చూసుకుంది. "నా చిన్నప్పుడు యాడి ఆ బట్టల్లో హాస్టల్‌కి వస్తే పిల్లలు నవ్విండ్రు. చీరలో రమ్మన్న."

"వచ్చిందా?"

"అప్పట్నుంచీ చీరే."

వకుళ కండువా మీది కుట్టును వేలితో తడిమింది. కేస్లీయే అందుకుంది. "పెట్టెలో ఉంటే ఎవరు చూస్తరు మేడమ్? నేను మా కళను స్టేజీ ఎక్కిస్తున్న. అది అర్థమయ్యేలా చెప్పండి."

"చెబుతాను. నీ థీసిస్ ఇలా ఇవ్వు."

కేస్లీ సంచిలోంచి తీసి ఇచ్చింది. బంగారు అక్షరాల అట్ట. మొదటి పేజీలో 'మా యాడికి' అన్న అంకితం. వకుళ సొరుగులోంచి కత్తెర తీసింది.

"ఈ పేజీ ముచ్చటగా ఉంది. లోపలి రంగు ఫొటోలు కూడా. కత్తిరించి మా హాల్లో తగిలిస్తాను, వచ్చేపోయేవాళ్లు చూస్తారు. మిగతాది ఊకే పడి ఉండేదేగా."

కత్తెర కాగితం అంచును కరిచింది.

"మేడమ్!" కేస్లీ ఒక్క ఉదుటున వంగి రెండు చేతులతో పుస్తకాన్ని కప్పేసింది. "నాది! నన్ను అడగకుండా..."

మాట అక్కడే తెగింది. చేతులు మాత్రం పుస్తకం మీదే ఉన్నాయి.

అప్పుడే బల్ల మీద కేస్లీ ఫోన్ మోగింది. యాడి. కేస్లీ కదల్లేదు. వకుళ స్పీకర్ నొక్కింది. లంబాడీ మాటల్లో సోమ్లీ గొంతు గలగలా వచ్చి ఆగింది.

"నాకు మీ భాష రాదు. ఏమంది?"

కేస్లీ తల వంచుకుంది.

"లంగా దొరకలేదంట. ఫర్వాలేదంట. నలుగురిలో నాకు నామోషీ కాకుండా... మంచి చీర కట్టుకొస్తదంట."

వకుళ లేచింది. ఫోన్‌ను కేస్లీ ముందుకు జరిపింది.

"ఇంకా లైన్లోనే ఉంది," అని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.