కఠోరుడి ప్రాణవజ్రం

“తరళా! ఓ తరళా!”

ఏడు సముద్రాల అవతల, నల్లరాళ్ళ దీవి ఒడ్డున నిలబడి మిహిరుడు గొంతు చించుకుని పిలిచాడు. కొండలు ఆ పేరు అందుకుని “తరళా... తరళా...” అని ఒకదానికొకటి చెప్పుకున్నాయి. ఆ పేరంటే కొండలకు కూడా ఇష్టమేమో అనిపించింది అతనికి.

“ఎందుకలా అరుస్తావు చిన్నబావా? రాయి అవుతున్నవి నా కాళ్ళు, చెవులు కావు! లోపలికి రా!” అని కోటలోంచి జవాబొచ్చింది.

ఆ గొంతు వినగానే మిహిరుడు ఇసుకలో అలాగే కూలబడ్డాడు.

ఇంతకీ ఈ మిహిరుడెవరు, ఆ పిల్ల ఎవరు అంటారా? మన తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో చంద్రవంక అనే నగరాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శూరసేనుడు, రెండోవాడు ధీరసేనుడు, చిన్నవాడు మన మిహిరుడు. రాజుగారి చెల్లెలి కూతురు తరళ. తల్లి లేని పిల్ల కావడంతో మేనమామ ఇంట్లోనే పెరిగింది. ముగ్గురికీ మరదలే. పెద్దబావలిద్దరితో పొందికగా మాట్లాడేది గానీ, చిన్నబావ దగ్గర ఆమె నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. అతను ముగ్గేస్తే నవ్వేది, పాడితే చెవులు మూసుకునేది. ఆమె నవ్విన రోజు వెన్నెల రెండింతలు కాసినట్టుండేది మిహిరుడికి. కానీ ఆ మాట ఒక్కనాడూ పైకి అనలేదు. పెళ్ళికాని అన్నలిద్దరు ముందుండగా చిన్నవాడు నోరు విప్పేదెలా?

ఒకనాడు కఠోరుడనే మాంత్రికుడు నల్లమబ్బు మీద దిగి, “తరళా, నన్ను పెళ్ళాడు” అన్నాడు.

“ముందు అద్దంలో మొహం చూసుకుని రా” అంది తరళ.

మాంత్రికుడికి ఒళ్ళు మండింది. ఆమెను దీవికి ఎత్తుకుపోయి మంత్రం వేశాడు. ఒప్పుకునేదాకా ఆమె ఒళ్ళు పాదాలనుంచి కొంచెం కొంచెంగా రాయి అవుతూ ఉంటుంది. రాయి గుండె దాటి తల దాకా పాకిందంటే ఇక అంతే.

పెద్దన్న కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండో అన్న ఇనుమును కూడా అరగదీసే ఆకురాయి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. అప్పుడు మిహిరుడు వట్టి చేతులతో బయలుదేరాడు.

సముద్రాలు దాటించిన ముసలి తాబేలు అడిగింది కూడా. “మీ పెద్దన్న దారంతా కత్తి నూరాడు. రెండోవాడు దారంతా ఆకురాయి గీకాడు. నా చెవులు పగిలిపోయాయి. నువ్వేం నూరతావురా అబ్బాయ్?”

“ఏమీ లేదు తాతా.”

“బతికించావు” అంది తాబేలు.

ఇదీ జరిగిన సంగతి. ఇప్పుడు మళ్ళీ దీవి ఒడ్డుకు వద్దాం.

మిహిరుడు ఇసుక దులుపుకుని లేచి కోటవైపు పరుగెత్తబోయాడు. దారికి అడ్డంగా చీమల బారు పోతోంది. అతని ప్రాణమంతా కోటలోనే ఉంది, అయినా ఆఖరి చీమ దాటేదాకా ఒంటికాలి మీద ఆగాడు. ఆ ఆఖరి చీమ వెనక్కి తిరిగి, “ఇటు వచ్చినవాళ్ళలో మమ్మల్ని తొక్కని మొదటివాడివి నువ్వే. వంగు, నీ చెవిలో కూర్చుంటా. మీ కళ్ళకు ఆననివి మా కళ్ళకు ఆనతాయి” అంది.

కోట వాకిట్లో రెండు రాతిబొమ్మలు. ఒకదాని చేతిలో మొండిబారిన కత్తి, ఇంకోదాని చేతిలో అరిగిపోయిన ఆకురాయి. వాటిని దాటితే తరళ. మోకాళ్ళదాకా రాయి. ఆ పైన పిల్లగాలికి ఊగే పూలకొమ్మ.

“వచ్చావా? దువ్వెన తెచ్చావా?” అంది ఆమె. నవ్వుతూనే అంది గానీ కళ్ళలో నీళ్ళున్నాయి.

పైనున్న సింహాసనం మీంచి మాంత్రికుడి నవ్వు వినిపించింది. అతని తలపాగాలో రేగుపండంత వజ్రం ధగధగలాడుతోంది.

“నా ప్రాణం ఎక్కడుందో వెతికే శ్రమ నీకెందుకు? ఇదిగో, ఈ వజ్రంలోనే ఉంది. మా తాత చిలకలో దాచుకున్నాడు, పిల్లి తినేసింది. మా నాన్న తుమ్మెదలో దాచుకున్నాడు, ఎవడో చెప్పుతో కొట్టాడు. నేను అంత వెర్రివాణ్ణి కాను. నీ అన్నలు అడగ్గానే చేతికిచ్చాను, గీత కూడా పెట్టలేకపోయారు. నువ్వు మాత్రం ముందు రెండు పనులు చేస్తేనే ఇస్తా. ఊరికే ఇస్తే నాకు సరదా ఏముంది?”

అని కుండెడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు పోసి గిరగిరా కలిపాడు. “నా ఉప్పు నాకు తెచ్చివ్వు.”

మిహిరుడు కుండలోకి చూశాడు. నీళ్ళు తప్ప ఏమీ లేవు.

“ఉప్పు ఎక్కడికీ పోలేదు” అంది చెవిలో చీమ. “లోకంలో ప్రతి వస్తువూ అణువులే నాయనా. నలుసుని నలగ్గొట్టి, ఆ నలుసుని మళ్ళీ నలగ్గొట్టినా వాటంత చిన్నది కాదు. ఉప్పుగల్లులో అవి వరసలు కట్టి నిలబడతాయి. నీళ్ళ అణువులు వచ్చి ఒక్కొక్కదాన్నీ చెయ్యి పట్టుకుని లాక్కుపోయాయి. తిరనాళ్ళలో పిల్లల్లా ఆ గుంపులోనే ఉన్నాయి. గుంపును పంపెయ్, పిల్లలు దొరుకుతారు.”

మిహిరుడు ఆ నీళ్ళను నల్లరాతి గుంటలో పోశాడు. ఎండ కాసింది. నీళ్ళు కంటికి కనపడకుండా గాలిలోకి లేచిపోయాయి, తెల్లటి ఉప్పు రాతిమీద మిగిలింది. దగ్గరగా చూస్తే ఒక్కో గింజా బుజ్జి పెట్టెలా నలుచదరంగా ఉంది.

“ఎవరు చెక్కారు వీటిని?” అన్నాడు మిహిరుడు నోరు తెరిచి.

“ఎవరూ చెక్కలేదు. లోపల అణువులు నిలబడే తీరే అంత. అవి ఎలా నిలబడితే వస్తువు అలా కనిపిస్తుంది.”

రోజూ వంటలో వేసుకునే ఉప్పులో ఇంత పొందిక ఉందా అని మిహిరుడి ఒళ్ళు పులకరించింది. మాంత్రికుడు మూతి ముడుచుకున్నాడు. అప్పటికి తరళకు నడుందాకా రాయి.

“రెండో పని. నీ మరదలికి దాహంగా ఉంది. ఈ జల్లెడలో నీళ్ళు తెచ్చి తాగించు. కంతలు మూసినా, గుడ్డ పరిచినా ఓడిపోయినట్టే.”

మిహిరుడు ఊటబావిలో జల్లెడ ముంచాడు, కారిపోయింది. మళ్ళీ ముంచాడు, కారిపోయింది. మూడోసారి ముంచబోతుంటే చీమ విసుక్కుంది. “వేడిలో నీళ్ళ అణువులు నిలకడగా ఉండవు. ఒకదాని భుజం మీంచి ఒకటి జారుతూ, తోసుకుంటూ ఆడతాయి. అందుకే కారతాయి. చలిపుట్టినచోట చూడు, ఆట మానేసి చేతులు పట్టుకుని నిలబడిపోతాయి.”

మిహిరుడు తల ఎత్తాడు. దీవి మధ్యలో ఆకాశాన్నంటే కొండ, దాని తలమీద మంచు. గోళ్ళు ఊడేలా ఎక్కి, జల్లెడ నిండా మంచుగడ్డలు పోసుకుని పరుగున దిగాడు. తరళకు అప్పటికి రాయి గుండె దాకా వచ్చింది, ఊపిరి బరువుగా తీస్తోంది.

“ఇవి రాళ్ళు, నీళ్ళు కావు!” అని అరిచాడు కఠోరుడు.

మిహిరుడు ఒక మంచుముక్క తీసి ఆమె పెదవులకు ఆనించాడు. ఆమె వెచ్చటి ఊపిరి తగలగానే గడ్డకట్టిన అణువులన్నీ చేతులు వదిలి మళ్ళీ ఆటలో పడ్డాయి. చల్లటి నీళ్ళు ఆమె గొంతులోకి జారాయి. లోకంలో ఇంతకన్నా అందమైన ఇంద్రజాలం ఏ మాంత్రికుడు చెయ్యగలడు అనుకున్నాడు మిహిరుడు.

“చిన్నబావా, పళ్ళు జివ్వుమన్నాయి” అంది తరళ. “ఇంకోటి పెట్టు.”

కఠోరుడు పళ్ళు నూరుతూ తలపాగాలోంచి వజ్రాన్ని ఊడదీసి అతని అరచేతిలో పడేశాడు. “పొద్దుగూకేలోపు దీన్ని లేకుండా చెయ్యి. చెయ్యలేకపోయావో, నీ అన్నల పక్కన చోటు ఖాళీగానే ఉంది!”

రాయి తరళ మెడ దాకా పాకింది. ఇక ఆమెకు మాట రాలేదు, కళ్ళే మిగిలాయి. ఆ వజ్రాన్ని కత్తి తెగనరకలేకపోయింది, ఆకురాయి గీరలేకపోయింది. మిహిరుడు చీమను చెవిలోంచి దింపి, వజ్రాన్ని దాని ముందు పెట్టి, “అమ్మా, చూసి చెప్పు” అని బతిమాలాడు.

చీమ వజ్రమంతా ఎక్కి దిగింది. “అబ్బ, ఏం పట్టు! ఒక్కో అణువు చుట్టూ ఉన్న నాలుగింటిని పట్టుకుంది. ఆ నాలుగూ మళ్ళీ నాలుగేసిని. కదిలే సందే లేదు. చిత్రం ఏమిటంటే, ఈ అణువుల్ని నేనెక్కడో చూశాను.” తల గోక్కుంది. “ఆఁ, వంటింట్లో! బొగ్గు మీద నడిచినప్పుడు కాళ్ళ కింద ఉన్నవీ ఇవే. అక్కడ అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి, ఇక్కడ బిగించి నిలబడ్డాయి. అంతే తేడా.”

“ఏమన్నావ్? బొగ్గూ ఇదీ ఒకటేనా?”

“అణువులు ఒకటే.”

మిహిరుడు లేచి నిలబడ్డాడు. “బొగ్గయితే కాలుతుంది!”

కోట వంటింట్లోంచి బొగ్గులు కుప్ప పోశాడు, తోలుతిత్తి తెచ్చాడు, నిప్పు రాజేశాడు. తిత్తి ఊదుతూ ఉంటే బొగ్గులు ఎర్రబడ్డాయి, పసుపయ్యాయి, తెల్లగా మండాయి. అప్పుడు వజ్రాన్ని నడిమధ్యన పెట్టాడు.

“వంట చేసుకుంటున్నావా? ఉప్పు మరిచిపోకు!” అని మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నుదురు తుడుచుకున్నాడు. ఇంకాసేపటికి నవ్వు ఆపేశాడు. నిప్పుల్లో వజ్రం చిన్న సూర్యుడిలా వెలుగుతోంది. రేగుపండంత ఉన్నది బఠాణీ అంతయింది.

“ఒరేయ్, తియ్! బయటికి తియ్! అది వజ్రంరా, బొగ్గు కాదు! ఏడు రాజ్యాలు ఇస్తాను. వజ్రం కూడా నువ్వే ఉంచుకో. ఆ పిల్లనొక్కదాన్ని నాకు వదిలెయ్!”

మిహిరుడు తిత్తి ఊదుతూనే ఉన్నాడు. చేతులు బొబ్బలెక్కాయి. బఠాణీ అంతది ఆవగింజంతయింది. చివరికి బూడిద లేదు, పొగ లేదు, వజ్రమూ లేదు. బొగ్గు కాలి గాలిలో కలిసినట్టే అదీ కలిసిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే సింహాసనం మీద తలపాగా ఒక్కటే ఉంది.

తరళ మెడ కదిలింది, చేతులు కదిలాయి, పాదాలు కదిలాయి. వాకిట్లో అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుంటూ ఆవలించారు. చీమకు బెల్లం గడ్డ ఇచ్చి సెలవు తీసుకుని, నలుగురూ తాబేలు ఎక్కారు.

ఆ తరవాత చంద్రవంకలో జరిగిన పెళ్ళి సంబరాలు, మిహిరుడూ తరళా జుట్టు నెరిసేదాకా చల్లగా రాజ్యం ఏలడం, అన్నలకు కూడా మంచి సంబంధాలు కుదరడం, అన్నీ జరిగాయి. కానీ వాటన్నిటికీ మూలం తాబేలు వీపు మీద జరిగిన ముచ్చట.

పెద్దన్న శూరసేనుడు మీసం దువ్వుకుంటూ, “ఇంటికి వెళ్ళగానే నాన్నగారు నాకూ తరళకూ ముహూర్తం పెడతారు. పెద్దవాణ్ణి కదా” అన్నాడు.

తరళ మిహిరుడి బొబ్బల చేతుల్ని చూస్తూ, “చిన్నబావా, అంత మంచి వజ్రం ఇస్తానన్నాడు. ఏడు రాజ్యాలు ఇస్తానన్నాడు. ఎందుకు తీసుకోలేదు?” అని అడిగింది.

“అన్నల కోసం” అన్నాడు మిహిరుడు.

“నన్నొక్కదాన్నే తనకు వదిలెయ్యమన్నాడు. అన్నల్ని ఇచ్చేవాడుగా?”

“నీకేమైనా అయితే నాన్నగారు తట్టుకోలేరని.”

“మామయ్య పేరు ఎందుకు మధ్యలో? నిన్ను అడుగుతున్నాను.”

మిహిరుడు సముద్రం వైపు చూశాడు, అన్నల వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు. అలలు కూడా ఆగి వింటున్నట్టున్నాయి.

“త్వరగా చెప్పరా అబ్బాయ్, నేను ముసలాణ్ణి” అంది తాబేలు.

“నువ్వంటే ఇష్టం తరళా” అన్నాడు మిహిరుడు. ఈసారి మాట ఆపుకోలేదు. “నీకు జడ వేసుకోవడం రాని రోజులనుంచీ ఇష్టం. అన్నలు ముందున్నారని ఇన్నేళ్ళూ నోరు కుట్టుకున్నాను. పెద్దన్నయ్యా, కోపమొస్తే రానీ, తాబేలు మీంచి తోసెయ్యి. నాకు ఈ పిల్లంటే ప్రాణం.”